పది బ్యాటరీల టార్చి

దక్షిణాఫ్రికాలో తుగేలా నది పొంగి పెద్ద వంతెనను ఎత్తుకుపోయిన వరదకు అది ఏడో ఏడు. నల్లవాళ్ళూ తెల్లవాళ్ళూ ఇండియానుంచి వచ్చిన మనవాళ్ళూ ఒకే వరసలో నిలబడి ఓటేసే రోజు దగ్గరపడింది. ఏదో జరుగుతుందని డార్నల్ ఊరంతా పుకారు. ఏం జరుగుతుందో ఎవరికీ తెలియదు. దానికి చేపల డబ్బాలూ కొవ్వొత్తులూ కొని దాచుకోవాలని మాత్రం అందరికీ తెలుసు.

జగన్నాథం చక్కెర మిల్లులో బాయిలరు దగ్గర పనిచేసి దిగిపోయిన మనిషి. ఒక ఉదయం టీ తాగుతూ ఆ రోజు పని ఏమిటో భార్య ఆదెమ్మకు చెప్పాడు.

"కొవ్వొత్తులు నాకొద్దు. కారు దీపం పెట్టి టార్చి కడతాను. ఇక్కణ్ణుంచి ఏస్తే చెరకుతోటలో నక్కినోడి మీసం కనబడాల."

"మీసం కనబడితే ఏటి చేస్తావు? గొరుగుతావా?" అంది ఆదెమ్మ. "ఓటేసేదాకా నా మోకాళ్ళు ఆడితే చాలు. ఓట్లు పెట్టిన స్కూలు సూస్తే కొండమీద. తమ్ముడు బక్కీలో తీసికెళ్తానన్నాడు. ఆడితో గొడవ పెట్టుకోకు."

ఆమె అంతవరకూ ఓటు వేసి ఎరగదు. పదేళ్ళ కిందట తెల్లవాళ్ళ ప్రభుత్వం మనవాళ్ళకు విడిగా ఒక ఓటు వడ్డిస్తే, ఎంగిలి విస్తరి నాకెందుకని ఇంట్లో కూర్చుంది. ఈసారిది అందరితో పాటు పంక్తి భోజనం. చీర ఎప్పుడో తీసి పెట్టుకుంది.

ఆమె తమ్ముడు కిష్టసామికి పెద్దరోడ్డు మీద సామాన్ల కొట్టూ, సరుకు తోలుకునే చిన్న ట్రక్కు, బక్కీ, ఉన్నాయి. బావ చెప్పింది విని, చార్జి చేసుకునే బ్యాటరీలు మూడు రకాలు బల్లమీద పెట్టాడు.

"బావా, బరువు కావాలా, బారు కావాలా? ఈ ఇటుకలాంటిది దొంగల అలారం డబ్బాలోది. ఒక్కటి చాలు. మోస్తే మాత్రం భుజం ఊడొస్తాది. ఈ గుండ్రటివి మామూలువాటికంటే కాస్త నీరసం. కారు బల్బుకి మామూలువి ఎనిమిదయితే, ఇవి పది పడతాయి."

"ఈ మూడోది? ఇదీ గుండ్రంగానే ఉంది. చవక కూడాను."

"చేత్తో పట్టి సూడు."

పట్టి చూశాడు. ఎండిన నిమ్మకాయలా తేలిగ్గా ఉంది.

"లోపల చంటిపిల్ల. పైన తండ్రి చొక్కా. బల్బు ఎలిగేలోపే నిద్దరోతాది. బయటోళ్ళకి అమ్ముతాను గాని నీకమ్మను."

జగన్నాథం బరువైన గుండ్రటివి పది తీసుకున్నాడు. పదీ ఒకదాని వెనక ఒకటి పేరిస్తే మోకాలి ఎత్తు దాటాయి. అంత పొడుగు టార్చి ఏ కంపెనీ చేయదు కనుక, వంటింటి తొట్టి కింద నీళ్ళు పోయే గొట్టం కోసేశాడు. ఆదెమ్మ అక్కడ బాల్టీ పెట్టి ఊరుకుంది. అనాల్సినవి ఓటయ్యాక అందామని దాచుకుంది. అతను గొట్టానికి నల్లరంగు పూసి, ముందు పాత కారు దీపం బిగించి, భుజాన తగిలించుకోవడానికి తోలుపట్టా కట్టాడు.

బ్యాటరీల చార్జి పూర్తయింది శుక్రవారం నాడు. ఆదెమ్మ వాటిని పీటమీద నిలబెట్టి, ఒక్కోదాని నెత్తిన పసుపు ముద్ద అద్ది, దానిమీద కుంకుమ పెట్టి, హారతిచ్చి మొగుడికి అందించింది. జగన్నాథం చూశాడు. ఏమీ అనుకోలేదు. కొత్త వస్తువుకు బొట్టు లేకపోతే అనుకునేవాడు. పసుపు ఆరనిచ్చి, పదీ గొట్టంలోకి దించి, మీట నొక్కాడు.

వెలగలేదు. ఊపాడు. గోడకేసి కొట్టాడు. తీగలు ఊడదీసి మళ్ళీ కట్టాడు. చివరికి తప్పు తనది కాదని తేలింది. తప్పు తనది కానప్పుడు అది బావమరిదిదే అయి ఉండాలి.

శనివారం కొట్టు నిండా జనం. జగన్నాథం బ్యాటరీలను బల్లమీద బోర్లించాడు.

"సొంత అక్క మొగుడికి చచ్చిన సరుకు అంటగడతావురా?"

కిష్టసామి ఒకటి తీసి మీటరు పెట్టాడు. ముల్లు కదలలేదు. బ్యాటరీ నెత్తిని బొటనవేలితో గట్టిగా రుద్ది మళ్ళీ పెట్టాడు. ముల్లు ఎగిరిపడింది. బొటనవేలు చూసుకున్నాడు. ఎర్రగా ఉంది.

"బావా, బ్యాటరీలకి పెళ్ళి చేశారేటి?"

"మొగుడేడీ? చార్జరేనా?" అన్నాడు వెనకనుంచి ఒకడు. కొట్టంతా గొల్లుమంది.

"నీ బక్కీ నేనెక్కను. మీ అక్కా ఎక్కదు. పో!" అని జగన్నాథం బ్యాటరీలు ఏరుకుని వచ్చేశాడు. రెండోమాట అనకుండా ఉండాల్సిందని వీధి మలుపులో తోచింది. అప్పటికి ఇల్లొచ్చేసింది.

"ఓటు నాది. బక్కీ ఆడిది. మద్దిన నీ నోరేటి?" అంది ఆదెమ్మ. బొట్టు సంగతి పూర్తిగా విన్నాక కోపం పుట్టింటి వైపు తిరిగింది. "నా కుంకాన్ని నవ్వాడా? ఆ బక్కీ కొన్ననాడు చక్రాల కింద నిమ్మకాయలు ఎవులు పెట్టారో అడక్కపోయావా? అయితే నడిచే పోదాం. దారిలో కూలబడితే నువ్వు మొయ్యాల."

జగన్నాథం బ్యాటరీలన్నీ చాకుతో గీకి మళ్ళీ పేర్చాడు. ఆ సాయంత్రం మీట నొక్కితే పక్కింటి కోడి తెల్లవారిందనుకుని కూసింది.

ఓట్లరోజు చీకటి ఉండగానే బయల్దేరారు. చెరకు మధ్య బాటలో టార్చి పట్టపగలు చేసింది. ఆదెమ్మ కనబడ్డ ప్రతి రాయిమీదా కూర్చుంది. స్కూలు చేరేసరికి ఎండెక్కింది. వరస కొండ దిగి రోడ్డుదాకా పాకింది. తోలుపట్టా కోసుకుపోతుంటే జగన్నాథం గొట్టాన్ని ఎత్తి, దీపం ముందుకు పెట్టి, భుజంమీద ఆనించుకున్నాడు.

వరస చివర ఉన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. భుజాన పెట్టి పేల్చే ఫిరంగి అనుకున్నాడు.

"బజూకా!"

పెద్దగాలికి చెరకు వాలినట్టు వరస మొత్తం నేలమీద పడుకుంది. తన వెనక ఏముందోనని జగన్నాథం గిర్రున తిరిగాడు. భుజంమీది గొట్టమూ తిరిగింది. తిరిగి ఇటు వచ్చేసరికి, అప్పుడే లేవబోతున్నవాళ్ళు మళ్ళీ పడ్డారు.

ఆదెమ్మకు కళ్ళు చెమర్చాయి. "ఎంత మరేదయ్యా! ముసల్దాన్ని సూసి దారి ఇస్తన్నారు. చాలు బాబూ, చాలు, లేవండి" అని దీవిస్తూ, మనుషుల పక్కనుంచి మెల్లగా నడిచి లోపలికి వెళ్ళింది. గదిలో కుర్చీలున్నాయి, మనుషులు లేరు. ఓటెక్కడని అడిగితే బల్లకిందనుంచి ఒక చెయ్యి వచ్చి కాగితం ఇచ్చింది.

బయట సార్జెంట్ మోరిస్ పోలీసు వ్యాను చాటునుంచి అరిచాడు. "కింద పెట్టు!"

"ఇది టార్చి, మ్యాన్!" అన్నాడు జగన్నాథం. నమ్మించడానికి మీట నొక్కాడు. కాంతి సూటిగా మోరిస్ కళ్ళలోకి పోయింది. మోరిస్ వెనక్కి తూలి కాలవలో పడ్డాడు. తుపాకి పేలకపోవడం ఒక్కటే అదృష్టం. ఇన్నాళ్ళూ ఊరు ఎవడికి జడిసి డబ్బాలు దాచుకుందో, ఆ మనిషి ఇవాళ వచ్చాడు. వచ్చింది తనేనని జగన్నాథానికి అప్పుడు తెలిసింది. రెండు చేతులూ పైకెత్తాడు.

అంతలో కిష్టసామి బక్కీ వచ్చి ఆగింది. బురద కారుతున్న మోరిస్ అడిగాడు. "వీణ్ణి ఎరుగుదువా?"

కిష్టసామి తీరిగ్గా బావను పైనుంచి కిందికి చూశాడు. "ఎరుగుదును. బ్యాటరీలు అమ్మింది నేనే."

"అలాగా. నువ్వూ చేతులెత్తు."

బావా బావమరుదులు ఇద్దరూ చేతులు నెత్తిన పెట్టుకుని గోడవార కూర్చున్నారు.

"ఇటుకలాంటిది తీసుకోమన్నానా?"

"నువ్వు అడిగావంతే. తీసుకోమన్లేదు."

"నోరు ముయ్యండి" అన్నాడు మోరిస్. పదేళ్ళుగా మాటకు మాట మిగల్చని ఇద్దరూ ఒక్కసారి మూశారు.

ఆదెమ్మ వెలిగిపోతున్న మొహంతో బయటికొచ్చింది. ఇద్దర్నీ చూసింది. "కూకోండి, కూకోండి. లేవకండి" అని, మోరిస్ వైపు తిరిగి తన మోకాళ్ళు చూపించింది. ఆమెను పోలీసు వ్యానులో ముందు సీటులో కూర్చోబెట్టి ఇంటి గుమ్మం దాకా దింపారు. మగవాళ్ళిద్దర్నీ సాయంత్రం వదిలారు. అప్పటికి ఓట్లు ఆపి స్కూలు తలుపులు మూశారు. టార్చి పరీక్షకని మోరిస్ దగ్గర ఉండిపోయింది.

ఓట్లు మర్నాడూ ఉన్నాయి. జగన్నాథం పొద్దున్నే ఒట్టిచేతులతో కొండెక్కి వరస చివర నిలబడ్డాడు. ముందున్న మిల్లు డ్రైవరు వెనక్కి వంగి గుసగుసగా చెప్పాడు.

"నిన్న ఇక్కడికి ఫిరంగితో ఒకడొచ్చాడు, విన్నావా అంకుల్?"

"ఎలా ఉంటాడు?"

"ఆరడుగులు. గడ్డం. కళ్ళు నిప్పులంట."

"నేను సూళ్ళేదు" అన్నాడు జగన్నాథం.

ఓటేసినవాళ్ళ చేతికి కంటికి కనబడని సిరా రాసేవారు. అదున్నదీ లేనిదీ చూసే చిన్న దీపం లోపల బల్లమీద ఉంది. అతని వంతు వచ్చేసరికి అది ఆరిపోయింది. ఆఫీసరు బ్యాటరీలు తీశాడు, పెట్టాడు, బల్లకేసి కొట్టాడు. తల ఎత్తి, "పెద్దాయనా, నీకు బ్యాటరీల సంగతేమైనా తెలుసా?" అన్నాడు.

బ్యాటరీ అంటే ఏమిటని అడిగాడు జగన్నాథం.