మే నెల పేజీ కోసం ఒక చావు

వసంతం రాగానే సముద్రంలోని హెర్రింగ్ చేపలు గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుకుంటూ ఊళ్లోకొస్తాయి. వాటి వెనక చేపగద్దలొస్తాయి. గద్దల వెనక కెమెరాలొస్తాయి. ఊరి క్యాలెండరులో మే నెల పేజీ మాత్రం ఏటా పళ్ల డాక్టరు వింథ్రాప్ ఫొటోకే పోతుంది, ఎందుకంటే క్యాలెండరు సంఘానికి పెద్ద కూడా ఆయనే. పడవలకు రంగులేసి బతికే లిండన్ స్ప్రౌల్‌కు ఈ సంగతి కంట్లో కారం.

"ఫొటోలివ్వడానికి ఇవాళే ఆఖరు. ఈసారి నీళ్లలోనే నిలబడతా. గద్ద నా మొహం మీదికే దిగాలి," అన్నాడు ఆ పొద్దున కాఫీ తాగుతూ.

"దిగి కళ్లు పొడవకుండా చూసుకో," అంది భార్య వెర్నా.

వంతెనకు కాస్త ఎగువన కోటూ బూట్లూ విప్పి గట్టు మీద రాయిపై పెట్టాడు. గుండెల దాకా వచ్చే రబ్బరు తొడుగు వేసుకుని, టోపీ నిండా నాచు చుట్టుకుని, కెమెరా చేతబట్టి, వంగిన కొమ్మల కింద నీళ్లలో నిలబడ్డాడు. పొగమంచు నాలుగడుగుల అవతల ఏమీ కనబడనంతగా కమ్మింది. చేపలు కాళ్లకు రాసుకుంటూ పోతున్నాయి, ఎవరో చల్లటి వేళ్లతో తడిమి దారి వెతుక్కుంటున్నట్టు. ఒక కొంగ వచ్చి మూరెడు దూరంలో వాలింది. అతన్ని తేరిపార చూసింది. ప్రాణమున్నవాళ్లలో లెక్కేసినట్టు లేదు, తన పని తాను చూసుకుంది.

నాచు బరువుకు టోపీ జారి నీళ్లలో పడి కొట్టుకుపోయింది. కదిలితే పిట్టలు లేచిపోతాయని పోనిచ్చాడు.

కాసేపటికి వంతెన కింద నుంచి చేపల కాపలాదారు క్లేటన్ గొంతు గట్టు వెంట దగ్గరికొచ్చింది. "ఇది లిండన్ టోపీ కదూ? గట్టు మీద కోటుంది, బూట్లున్నాయి. మనిషేడి?"

తర్వాత చర్చి గంట మోగింది. ఏ ముసలాళ్లు పోయారో అనుకున్నాడు లిండన్. వంతెన మీద అడుగుల చప్పుళ్లు పెరిగాయి. పొగమంచులో మనుషులు లేరు, గొంతులే ఉన్నాయి. ఆ గొంతులన్నీ తన పేరే అంటున్నాయి.

"నేనిక్కడే చచ్చాను, ఉండండ్రా!" అని అరవబోయాడు. అంతలో డాక్టరు గొంతు.

"పాపం! ఈసారి మే పేజీ అతనికే ఇచ్చేద్దాం. స్మారకంగా."

లిండన్ తెరిచిన నోరు మూసుకున్నాడు.

"ఆయన ఫొటోలు ఏమంత బాగుండవు కదా డాక్టరుగారూ?" అన్నాడు క్లేటన్.

"పోయినవాడి ఫొటోకి వంకలు పెట్టకూడదయ్యా."

అప్పుడే వెర్నా వచ్చింది. "ధైర్యం తెచ్చుకో అమ్మాయ్," అంది ముసలి ఓర్లా. "నోరు చెడ్డదే గానీ మంచోడు. అయినా నా పడవకేసిన రంగు ఒక్క చలికాలానికే పెచ్చులూడిందనుకో."

గడ్డకట్టే నీళ్లలో లిండన్ ఒళ్లు సలసల మరిగింది. భార్య ఏడుపు కోసం చెవులు రిక్కించాడు.

"క్లేటన్, మొగుడు పోయినవాళ్లకు చేపలు పంచేది ఇవాళేగా?" అంది వెర్నా.

ఆ ఊరి ఆనవాయితీ అది. భర్త పోయిన ప్రతి ఆడమనిషికీ అందరికంటే ముందు రెండు బుట్టలు, ఊరికే.

"అవునమ్మా, కానీ..."

"అయితే నావి ఇప్పుడే ఇచ్చెయ్. మళ్లీ ఎవరొస్తారు?"

"శవమైనా దొరకలేదే!" అంది ఓర్లా.

"శవం దొరికేదాకా చేపలు ఆగుతాయా అత్తా?"

లిండన్‌కు నడుం కింద ఏమీ తెలియడం లేదు. ఊరంతా అంటోంది, కట్టుకున్నది కూడా ఒప్పుకుంది. కొంగ సంగతి ముందే తేలిపోయింది. ఒకవేళ నిజమేనేమో! ముక్కు గిల్లుకున్నాడు. ముక్కు కూడా తెలియలేదు.

"ఒక్క నిమిషం మౌనం పాటిద్దాం," అన్నాడు డాక్టరు. ఏరు కూడా విన్నట్టు ఊరుకుంది. పొగమంచు మెల్లగా రెండుగా చీలింది. ఆ చీలికలోంచి రెక్కలు ముడుచుకుని గద్ద రాయిలా పడింది.

ఆ మౌనంలో, నీళ్ల మీంచి, టకటకటకటకమని కెమెరా మోగింది.

ఒక్కరూ తలెత్తే సాహసం చెయ్యలేదు. "చచ్చినా బుద్ధి మారలేదు వీడికి," అని గొణిగింది ఓర్లా.

గట్టెక్కిన లిండన్‌ను చూసి క్లేటన్ రెండడుగులు వెనక్కేశాడు. డాక్టరు మాత్రం తేరుకుని, "స్మారకం రద్దు," అన్నాడు. కానీ కెమెరాలో ఫొటో చూశాక దాన్ని మళ్లీ దగ్గరికి లాక్కుని చూశాడు. గోళ్లలో వెండిలా చేప, దాన్నెత్తుకుని లేస్తున్న గద్ద, వెనక పొగమంచులో ఆ చేప చావుకే వచ్చినట్టు తలలు వంచుకున్న ఊరు ఊరంతా. మే పేజీ లిండన్‌ది కాక తప్పలేదు.

సాయంత్రం భోజనాల బల్ల మీద ఆ ఫొటోను పెద్దది చేసి మురిసిపోతుండగా అతని వేలు ఒకచోట ఆగింది. అందరి తలలూ వంగే ఉన్నాయి, ఒక్కటి తప్ప. కాళ్ల దగ్గర రెండు బుట్టలతో, వెర్నా నేరుగా అతని కళ్లలోకే చూస్తోంది.

"నేను బతికున్నానని నీకు తెలుసా?"

"ఓర్లా అత్త రంగు మాటెత్తినప్పుడు నీళ్లలోంచి పళ్లు నూరిన చప్పుడైంది," అంది వెర్నా, పళ్లెంలో వేయించిన చేప వేస్తూ.

"తెలిసే మొగుడు పోయినవాళ్ల చేపలు తీసుకున్నావా?"

"తెలిసే నువ్వు చచ్చినవాడిలా ఊరుకోలేదూ?"

హెర్రింగుకు ముళ్లెక్కువ, తింటున్నంతసేపూ మాట్లాడకూడదు. ఆ పూట లిండన్ చాలా చేపలు తిన్నాడు.