నాలుగో ఎత్తులో గుర్రం

ఆ శుక్రవారం పొద్దున అనుపమ వేసుకున్న పథకం చిన్నదే. పప్పు తాలింపు పెట్టాలి, పదింటికల్లా ఆఫీసు చేరాలి, భోజనాల వేళ మేనేజరు సుబ్బరాజుగారిని చదరంగంలో చిత్తు చేయాలి. వార్షికోత్సవం పోటీల్లో ఆమెకు ప్రత్యర్థిగా పడింది ఆయనే.

నలభై రోజులుగా ఆమెకు కుదురు లేదు. ఫోనులో ఒక ఎత్తుగడ చూసింది. నాలుగో ఎత్తులోనే గుర్రాన్ని బలిచ్చి ఒక్క బంటును తీసుకోవాలి. ఆపైన నడిమి బంట్లను తోస్తూ ఎదుటివాడి గుర్రాలను తరమాలి. అది నిలిచే ఆట కాదని పుస్తకాలు చెప్పాయి, కంప్యూటరూ చెప్పింది. అయినా ఆ తరుముడులోని మజా ఆమెను వదల్లేదు. మోండా మార్కెట్లో వంకాయలు ఏరుతూ కూడా గళ్లు లెక్కపెట్టుకునేది. ఇవాళా అంతే, తాలింపు మాడింది.

"గుర్రం ముఫ్త్‌ల ఇచ్చుడేందే? సార్ తిని కూసుంటే ఏం జేస్తవ్?" అన్నాడు భర్త భానుప్రకాశ్.

"నిన్ను పదకొండుసార్లు ఓడగొట్టిన గద!"

"నన్ను మా అక్క బిడ్డ సుత ఓడగొడ్తది. దానికి ఆరేండ్లు."

రెజిమెంటల్ బజార్‌లోని ఆఫీసులో మధ్యాహ్నం బల్ల చుట్టూ జనం మూగారు. అనుపమ నాలుగో ఎత్తులో గుర్రాన్ని దూకించి బంటును తీసింది. సుబ్బరాజుగారు కళ్లజోడు సవరించుకున్నారు. భీమవరం నుంచి వచ్చి పాతికేళ్లయినా మర్యాద తగ్గని మనిషి.

"చూసుకునే పెట్టారా అమ్మా? కావాలంటే వెనక్కి తీసుకోండి, పర్లేదు."

"చూసే పెట్టిన సార్. తీసుకోండి."

ఆయన ముఖం ఎర్రబడింది. గుర్రాన్ని తీసుకున్నారు గానీ తలెత్తలేదు.

పక్క సీటు దయాకర్ ఆమె చెవి దగ్గరికి వంగాడు. "మస్తు తెలివక్కా! పొద్దుగాల ట్రాన్స్‌ఫర్ ఆర్డర్ వచ్చిందంట, ఆదిలాబాద్‌కు. ఎవరికో సార్‌కే ఎరుక. అందుకేనా గుర్రం సమర్పించుకున్నవ్?"

ఆర్డర్ తనకేమోనని అనుపమకు అనుమానం. మొన్ననే లాలాగూడలో సొంతింట్లో చేరారు. వెనకాల కాంతమణి ఆ మాటను సగమే విని, "అయ్యో, అనుపమను ఆదిలాబాద్ పంపుతున్నరంట!" అని పక్కవాళ్లకు చేరవేసింది.

ఆట ఇంకో పది ఎత్తులు సాగాక సుబ్బరాజుగారు తన ఏనుగును తెచ్చి సరిగ్గా ఆమె రాజు ముందు పెట్టి, "చెక్" అన్నారు. దానికి కాపలా లేదు. రాజుతో తీయక తప్పలేదు. మరుక్షణమే రెండో ఏనుగూ అలాగే వచ్చింది.

అనుపమకు అంతా అర్థమైపోయింది. ఆర్డర్ తనకే! పంపించే ముందు జాలిపడి గెలిపిస్తున్నాడీయన. ఒకరి జాలి మీద గెలిచే రకం కాదామె. వెంటనే తన మంత్రిని ఆయన రాజు ఎదుట నిలబెట్టి, "చెక్ సార్" అంది. ఆయన పళ్లు కొరుకుతూ తీసుకుని, తన మంత్రిని ఆమెకు అప్పగించారు. ఆమె ఏనుగులిచ్చింది. ఆయన గుర్రాలిచ్చారు. మిగిలిన బలగం, బంట్లూ అదే దారి పట్టాయి.

"గిదేం ఆట? ఇద్దరు ఓడిపోనీకి పోటీ పడుతున్నరు!" అన్నాడు దయాకర్.

వెనక వరుసలో అప్పటికే అనుపమ వీడ్కోలు సభకు శాలువా ఏ రంగుదన్న చర్చ షురూ అయింది. బల్ల మీద చివరికి రెండు రాజులే మిగిలాయి. ఆట సమానం.

ఇక అనుపమ ఆగలేకపోయింది. "నన్ను ఆదిలాబాద్ పంపేదుంటే సీదా పంపండి సార్. గీ జాలి నాకొద్దు!"

సుబ్బరాజుగారు తెల్లబోయారు. "మిమ్మల్నా? బదిలీ అయింది నాకండీ! సోమవారమే వెళ్లాలి. ఆ సంగతి తెలిసి, పోనీలే పాపం అని మీరే గుర్రం ఇచ్చారనుకున్నాను. నాకూ అభిమానం ఉంటుంది కదా, అందుకే అన్నీ తిరిగిచ్చేశాను."

శాలువా చర్చ ఆగింది, రంగు మార్చాల్సి వచ్చింది కాబట్టి.

"జాలి గాదు సార్," అంది అనుపమ చిన్నగా. "గెలుద్దామనే ఇచ్చిన. ఆ ఎత్తును నలభై రోజులు చదివిన."

"నలభై రోజులా?" అన్నారాయన. "గుర్రాన్ని ఊరికే ఇచ్చెయ్యడానికా?"

సుబ్బరాజుగారి కళ్లలో నిజమైన జాలి కనిపించింది అప్పుడే.