కొంగు మీద కునుకు

రెండువేల ఇరవై నాలుగు జూలై ఎనిమిదో తేదీ, సోమవారం ఉదయం. స్థలం: ధర్మవరంలో మార్కండేయ ఇంటి ముందుగది. హాజరైనవారు: చీరలకు గ్రాఫులు గీసే మార్కండేయ, ఆయన భార్య జ్యోతిలక్ష్మి, పట్టుచీరల షావుకారు రామాంజులు. వీరిలో మొదటి ఇద్దరూ మేలుకొని ఉన్నారు. మూడవవాడు నిద్రపోతున్నాడు. తరువాత జరిగినదంతా ఈ ఒక్క తేడా వల్లనే జరిగింది గనుక దానిని మొదటే నమోదు చేయడం మంచిది.

ఆ పూట పెట్టుకున్న పని ఇంతకంటే సాదాగా ఉండే వీలు లేదు. శ్రావణంలో పెళ్ళికని చిలమత్తూరు వాళ్ళు చెప్పిన చీరకు కొంగు మీద జంట నెమళ్ళు కావాలి. గళ్ళ కాగితం మీద ఆ నెమళ్ళు దాదాపు పూర్తయ్యాయి. తోక చివర కొన్ని కన్నులు మాత్రం మిగిలాయి. అవి కూడా నింపితే షావుకారు కాగితాన్ని అట్టలు కొట్టే చోటికి తీసుకుపోతాడు. కాగితం మీద నింపిన ప్రతి గడీ అక్కడ అట్టలో ఒక చిల్లు అవుతుంది. ఆ అట్టలు మగ్గం పైకెక్కి దారాలను లేపుతూ దించుతూ, గీసిన బొమ్మనే జరీలో నేయిస్తాయి. ఊళ్ళో తక్కిన షావుకార్లు ఈ గీత పనిని ఏనాడో కంప్యూటర్లకు అప్పగించారు. చేత్తో గీసిన గ్రాఫే కావాలనేవాడు రామాంజులు ఒక్కడే మిగిలాడు. ఆయన కూడా తప్పుకుంటే మార్కండేయకు మరొక బతుకుతెరువు లేదు. చరిత్రలో ఎం.ఏ. పట్టా ఉన్న మాట నిజమే గానీ, దాన్ని చూపించమని అడిగినవాడు ఇంతవరకూ లేడు.

మార్కండేయకు ఒక అలవాటుంది. పొద్దున అసలు పని ముట్టుకునే ముందు, టీ చల్లారేలోగా, ఎదుట ఏది కనబడితే అది ఒక తుండు కాగితం మీద చకచకా దించుతాడు. బిందెల వరుస, గోడ మీది తొండ, ఊరిని పట్టించుకోకుండా కర్ణాటక వైపు దాటిపోయే మబ్బు, ఏదైనా సరే. ఇన్నేళ్ళు గళ్ళు నింపిన చేతికి గీత రాదు, గడే వస్తుంది. అందుచేత ఆ బొమ్మలు సైతం గళ్ళు గళ్ళుగానే ఉండేవి. వాటిని ఎవరికీ చూపడు, ఎక్కడా దాచడు. మధ్యాహ్నానికి జ్యోతిలక్ష్మి వాటితో పొయ్యిగట్టు మీది నూనె తుడుస్తుంది. రోజు మొత్తంలో ఎవరూ చెప్పకుండా వేసే బొమ్మ అదొక్కటే కాబట్టి, అది ఆయనకు పనిలా కాక, పని నుంచి కాసేపు తప్పించుకోవడంలా ఉండేది.

ఆ సోమవారం ఎదుట కనబడినది రామాంజులు. నెమలి తోక అయ్యేదాకా కూర్చుంటానని వచ్చినవాడు, కూర్చోగానే తల వెనక్కి వాల్చాడు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుపోయింది. మీసం రెండు పక్కలా విచ్చుకుంది. గుహలా తెరుచుకున్న నోటి పక్కన, ఎడమ చెంప మీది పుట్టుమచ్చ శ్వాసతో పాటు లేచి దిగుతోంది. ఇంత కదలకుండా కూర్చునే మనిషి దొరకడం అరుదు. మార్కండేయ పెన్సిలు తీశాడు.

టీ తెచ్చిన జ్యోతిలక్ష్మి కాగితం చూసి గుండె మీద చెయ్యి వేసుకుంది.

"ఏందయ్యా అది! ఆయప్ప లేసినాడంటే?"

"లేయడులే. తోక అయ్యేదాకా లేయడు."

సరిగ్గా అప్పుడే వీధి మొగలో నీళ్ళ ట్యాంకరు హారను మోగింది. జ్యోతిలక్ష్మి బిందెలు అందుకొని పరుగెత్తింది. రామాంజులు ఉలిక్కిపడి లేచాడు. కళ్ళజోడు నుదుటి మీది నుంచి ముక్కు మీదికి జారింది. దాని గుండా ఆయన మొట్టమొదట చూసినది ఆ కాగితాన్నే.

"ఇదేమప్పా, మార్కండేయా?"

నిజం చెప్పడానికి ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటతో ఉన్న ఒక్క షావుకారూ లేచిపోతాడు.

"అది... లేపాక్షిలోదన్నా. స్తంభం మీద. కీర్తిముఖం."

"అంటే?"

"గుళ్ళలో పైన చెక్కి పెడతారు. దిష్టి తగలకుండా."

ఇందులో రెండవ మాట పూర్తిగా నిజమే కావడం వల్ల చరిత్ర చదివిన మనిషికి కొంత ఊరట కలిగింది. రామాంజులు కాగితాన్ని దూరంగా పట్టుకొని చూశాడు. బొమ్మలో నుదుటి మీదున్న కళ్ళజోడు అద్దాలు ఆయనకు గుడ్లురుముతున్న కళ్ళలా కనబడ్డాయి. ఎవని నిద్రముఖం వానికి తెలియదు.

"ఎంత రౌద్రమప్పా! ఆ గుడ్లు సూడు, ఆ నోరు సూడు. దగ్గరికొస్తే మింగేసేట్లుండాది. నెమళ్ళు, నెమళ్ళు అని ఎన్నాళ్ళు? కంప్యూటరోడు గూడా నెమళ్ళే నేపిస్తాండాడు. చిలమత్తూరోళ్ళ కొంగునిండా ఇదే ఎయ్యి. అంచుకు గూడా చిన్నగా లాగు."

"అన్నా, అది ఊరికే చెయ్యి తిరిగేదానికి..."

"ఊరికే తిప్పితేనే ఇంత బాగొస్తే, మనసు పెట్టి తిప్పితే ఇంకెట్లొస్తాదో!"

మనసు పెట్టి తిప్పడం తప్పలేదు. కొంగు గ్రాఫు తయారైంది, అట్టలు కొట్టారు, అవి పుల్లన్న మగ్గానికి ఎక్కాయి. రెండు జానల నేత పడేసరికి పుల్లన్న స్వయంగా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"మార్కండేయా, ముఖానికి ఎడమ సెంప మీద ఒక సుక్క ఎచ్చుగా పడతాండాది. గ్రాఫులో తప్పు పోయిందేమో సూడు. ఆ సిల్లు మూసేస్తే సరిపోతాది."

దేవుడు ఇంతకంటే సులభమైన దారి చూపించడు. ఔనంటే పుట్టుమచ్చ పోతుంది. దానితో పోలికా సగం పోతుంది. కానీ తన గ్రాఫులో తప్పు పోయిందని ఒక నేతగాడి ఎదుట ఒప్పుకోవలసిన అవసరం మార్కండేయకు ఆ నాటి దాకా రాలేదు. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"తప్పేం కాదు పుల్లన్నా. ఆడ రాతికి పెచ్చు లేసింది. ఉన్నది ఉన్నట్లు దించినా."

"రాతి పెచ్చు గూడా దింపినావా!" అని పుల్లన్న దణ్ణం పెట్టినంత పని చేసి వెళ్ళాడు. సాయంత్రానికి ఆ పెచ్చు సంగతి నేతపేట అంతా తెలిసింది. మర్నాటికి అది పిడుగు పడి లేచిన పెచ్చయింది. ఆ వారంలోనే రామాంజులు అంగడిలో కూర్చొని, పిడుగు పడిన రాత్రి ఏ రాజు ఎక్కడ పడుకున్నాడో కూడా చెప్పసాగాడు.

"సెప్పెయ్యయ్యా, పోయేదేముండాది?" అంది జ్యోతిలక్ష్మి.

"పనే పోతాది."

"సెప్పకపోతే?"

"అప్పుడూ పోతాది. కాకపోతే చీర మగ్గం దిగినాక పోతాది."

రెండు రకాలుగానూ పోయేదాన్ని ముందుగా పోగొట్టుకోవడంలో కనీసం మర్యాద ఉందని తేల్చుకొని, మార్కండేయ ఒక ఉదయం అంగడికి బయలుదేరాడు. అక్కడ రామాంజులు ఎదుట ఒక పెద్దావిడ కూర్చొని ఉంది. పెళ్ళికూతురి తల్లి, చిలమత్తూరు మారెక్క. మల్బరీ తోట, పట్టుపురుగుల షెడ్డు ఉన్న ఇల్లు.

"ఈయన్నేనా దించింది?" అంటూ ఆమె లేచి నిలబడింది. "అన్నా, ఆ ముఖం ఏ స్తంభం మీదుండాదో రవ్వంత గుర్తు సెప్పు. పెండ్లికి ముందే పోయి దీపం పెట్టొస్తాం. దిష్టంటే మాకు శానా భయం. లేపాక్షి మాకేం దూరమా, ఆటో ఎక్కితే ఆడే దిగుతాం."

చిలమత్తూరికి లేపాక్షి ఇరుగుపొరుగన్న సంగతి, ఎం.ఏ. చదివిన మనిషికి అబద్ధమాడిన క్షణంలో తట్టలేదు. తెచ్చుకున్న నిజం గొంతులోనే ఉండిపోయింది.

"లోపల... ఎడమ పక్కనక్కా. బాగా చీకటిగా ఉంటాది. కనపడదు."

"టార్చి తీసకపోతాం," అంది మారెక్క.

చీర మగ్గం దిగిన రోజున మార్కండేయను కబురు పెట్టి పిలిపించారు. మారెక్క పదిగంటల బస్సుకు వస్తుంది. బొమ్మ గొప్పతనం ఆమెకు చదువుకున్నవాని నోట చెప్పించాలని రామాంజులు పట్టుదల. అంగడి వెనుకే ఇల్లు. ఎన్నడూ లేనిది, భార్య అంజనమ్మను కూడా పిలిచాడాయన.

"ఇట్లా రాయే. ఇట్లాంటి కొంగు ధర్మవరంలో ఇంతవరకూ పుట్టలేదు."

చీర విప్పారు. ఎర్రటి పట్టు మీద, బంగారు జరీలో, వరుస వెంబడి వరుస ముఖాలు, అందరూ నోళ్ళు తెరుచుకొని ఉన్నారు. అంజనమ్మ చూసింది. దగ్గరగా వంగి మళ్ళీ చూసింది. తరువాత చీరచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏందే?"

"ఏం లేదు. ఈ ముఖం నేను దినామూ సూస్తాండేదే."

"లేపాక్షికి నువ్వెప్పుడు పోయినావు?"

"లేపాక్షి యాడిది? మన మంచం మీద."

"ఏం మాట్లాడతాండావే నువ్వు!"

"నా మాట ఇని ఆ దిండుకు ఆనుకో. తల ఎనక్కెయ్. కండ్లద్దాలు పైకి తొయ్. నోరు తెరువు. అంత సాలదు, నిద్రలో ఇంకా తెరుస్తావు. ఆఁ, అట్ల."

అంజనమ్మ కొత్త చీర కొంగు తెచ్చి ఆయన తల పక్కన పట్టుకుంది. సెల్‌ఫోనులో ఒక ఫొటో తీసి భర్త చేతికి ఇచ్చింది. రామాంజులు జీవితంలో మొదటిసారిగా తన నిద్రను తాను చూసుకున్నాడు. పుట్టుమచ్చ పెచ్చుకు సరిగ్గా సరిపోయింది.

"మార్కండేయా."

"అన్నా."

"ఇది నేనా?"

"అవునన్నా."

"కొంగునిండా నేనేనా?"

"అంచుకు గూడా, అన్నా," అన్నాడు మార్కండేయ. లెక్కలో లోటు రానివ్వని స్వభావం ఆ సమయంలోనూ పోలేదు.

రామాంజులు లేచి నిలబడ్డాడు. "ఒకరింటి ఆడపిల్ల పెండ్లి పీటల మీద నన్ను భుజానేసుకొని కూసోవాల్నా! ఆ పెండ్లికొడుకు మొగమెట్లుంటాదో తలుసుకున్నావా? సాలప్పా, నీ గ్రాఫులు సాలు. ఇంక కంప్యూటరోని దగ్గరికే పోతా. వానికి ఎదురుగా ఎవరు నిద్రపోతాండారో కనపడదు!"

మార్కండేయకు కోపం గానీ భయం గానీ కలగలేదు. చాలా దూరం మోసిన బరువును ఎవరో లాక్కొని కింద పడేసినట్లు, ఒళ్ళంతా అలసట మాత్రం తెలిసింది. నమస్కారం పెట్టి గుమ్మం వైపు తిరిగాడు. గుమ్మంలో మారెక్క నిలబడి ఉంది. నుదుట ఇంత కుంకుమ, చేతిలో ప్రసాదం పొట్లం.

"అక్కా, కూసో. ఒక పొరపాటు జరిగింది..." అని రామాంజులు మొదలుపెట్టాడు.

"సూసినాం అన్నా!" అంది మారెక్క.

"ఏం సూసినారు?"

"ముఖాన్ని! ఎడమ పక్కనే, ఈయన్న సెప్పినట్లే గుయ్యారం సీకట్లో ఉండాది. టార్చి ఏస్తే ఎట్ల కనపడిందనుకున్నావు! అవే గుడ్లు, అదే నోరు. సెంప మీద పెచ్చు గూడా ఉండాది. మా ఆయనొకడే నాకేం కనపడలేదన్యాడు, ఆయనకు కండ్లల్లో శుక్లాలులే. దీపం పెట్టి బయటికొచ్చినామో లేదో, నాలుగు సినుకులు పడినాయి."

"వానా!" అంది అంజనమ్మ, నవ్వు మరిచిపోయి.

"వాన గాదులే అమ్మా. నాలుగంటే నాలుగే. అయినా ఈ యేడు అంతకంటే యాడ పడింది?"

గదిలో తక్కిన ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మారెక్క చీరను ఒళ్ళోకి తీసుకొని, కొంగు మీది రామాంజులును ఒక్కొక్కరినే కళ్ళకు అద్దుకుంటోంది. అంజనమ్మ గోడ వైపు తిరిగింది; ఆమె భుజాలు కదులుతున్నాయి. రామాంజులు చాలాసేపు చీర వైపు చూశాడు. ఆయన ముఖంలో కోపం మెల్లగా కరిగి, ఆ స్థానంలో ఒక వంశం పుట్టుకొచ్చింది.

"మా ముత్తాతలది గూడా ఆ పక్కేనక్కా," అన్నాడు గొంతు సవరించుకొని. "పోలికలు యాడికి పోతాయి?"

"నాకొక కాగితం రాసియ్యండన్నా. పెండ్లికొడుకోళ్ళు గోరంట్లోళ్ళు, ప్రతిదానికీ ప్రశ్నలే. ఇదేం బొమ్మంటే సూపిస్తా."

"దానికేం, మా మార్కండేయ ఎం.ఏ. రాసిస్తాడు. రాయప్పా." రామాంజులు ఆయన చెవి దగ్గరికి వంగాడు. "నువ్వు యాడికీ పోవద్దు. మిగతా స్తంభాల మీద ఏమేముండాయో అన్నీ దింపు. దినానికొకటి. పొద్దున్నే నేనే వచ్చి కూసుంటా."

పని మిగిలింది. ఎవరూ చెప్పకుండా వేసే బొమ్మ మాత్రం మిగలలేదు. ఈ రెంటిలో ఏది పోయినందుకు విచారించాలో, ఏది దక్కినందుకు సంతోషించాలో ఆలోచించే ఓపిక మార్కండేయకు లేదు. కాగితం ముందుకు లాక్కున్నాడు.

"ఇది లేపాక్షి శిల్పమేనని రాయి," అన్నాడు రామాంజులు.

మార్కండేయ కలం అందుకున్నాడు. తేదీ వేసి, గుండ్రని అక్షరాలతో ఇలా రాశాడు: "ఈ చీర కొంగు మీద నేసిన ముఖాన్ని లేపాక్షిలో కళ్ళారా చూచినట్లు చిలమత్తూరు నివాసి శ్రీమతి మారెక్క గారు ఈ దినము నా ఎదుట చెప్పినారు." కింద సంతకం చేశాడు. రామాంజులు సాక్షి సంతకం చేశాడు. మారెక్క దాన్ని నాలుగు మడతలు పెట్టి, కుంకుమ పొట్లంతో కలిపి చీర మడతల మధ్య దోపి, సంచి మూతి బిగించింది.

ఆ కాగితంలో ఒక్క అబద్ధమూ లేదు. బహుశా అందుకే దాన్ని చదవాలని ఎవరికీ తోచలేదు.