బావిలో మేనేజరు

ముందే క్షమించమని అడుగుతున్నాను. అక్షరాలు నా చేతికి ఆలస్యంగా వచ్చాయి. ఎక్కడైనా ఒత్తు జారిపోయినా, దీర్ఘం అక్కర్లేని చోట కూర్చున్నా మీరే సర్దుకుని చదువుకోండి. ఇదంతా జరిగింది ఒక్క రోజులో. నేను రాసేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది.

ఆ రోజు ఉదయం ఆ ఇంట్లో అనుకున్న పని చాలా చిన్నది. పెరట్లో ఒరల బావి ఉంది. కొన్నాళ్ళుగా నీళ్ళు ఏదో వాసన వేస్తున్నాయి, తాగినవాళ్ళ కడుపులు కుదురుగా ఉండటం లేదు. ఆసుపత్రిలో ప్రసవించిన ఆ ఇంటి ఆడపిల్ల, పసిబిడ్డతో మర్నాడు సాయంత్రం ఇంటికి వస్తోంది. ఆ లోపల నీళ్ళు బాగుపడాలి. పై ఒరలో పగులు కనబడితే తాపీ మేస్త్రి ముందురోజే సిమెంటు మెత్తాడు. ఇక మిగిలింది పొద్దున్న మేడమీది ట్యాంకును బ్లీచింగుతో కడగడం, మధ్యాహ్నం బావిలో బ్లీచింగు కలిపి రాత్రంతా వదిలేయడం, మర్నాడు ఆ నీళ్ళన్నీ తోడి పారబోయడం.

పని చిన్నదే కానీ, ఆ ఇంట్లో తండ్రీ కొడుకూ మాట్లాడుకోరు. పగ ఏమీ లేదు. ఎప్పుడు మానేశారో, ఎందుకు మానేశారో ఇద్దరికీ గుర్తు లేదు. గుర్తు లేదని ఒప్పుకోవడం ఇద్దరికీ నామోషీ. ఏం చెప్పుకోవాలన్నా కోడలి చేతే చెప్పించుకుంటారు. ఆ అమ్మాయి మనసు మంచిది. ఇటు మాట అటు చేరవేసేటప్పుడు అందులో ఉన్న ముళ్ళు ఏరేసి మెత్తటి భాగం మాత్రమే అందించేది. ఒక్కోసారి ముళ్ళతోపాటు సగం మాట కూడా పోయేది.

తండ్రి ఒకప్పుడు వాచీలు బాగుచేసేవాడు. కళ్ళు మందగించాక ఆ ఓపికంతా ముందుగదిలోని అద్దాలతొట్టి మీద పెట్టి చేపలు పెంచుతున్నాడు. అన్నీ ఎర్రవే, ఒక్కటి మాత్రం నల్లది. దాని పేరు మేనేజరు. "మూల కూర్చుని కళ్ళు పెద్దవి చేసి చూడటమే కానీ ఇంకో పని లేదు దీనికి" అని ఆయనే పెట్టాడు. కొడుకు ఒక ఆఫీసులో మేనేజరు. ఆ పేరు ఊరికే పెట్టలేదని అతని అనుమానం.

ఆ ఉదయం కొడుకు సెలవు పెట్టి మేస్త్రితో కలిసి మేడెక్కుతూ భార్యతో అన్నాడు. "బావిలో బ్లీచింగు కలుపుతున్నామని ఆయనకి చెప్పు. చేపలకి కావలసిన నీళ్ళేవో ఇప్పుడే తోడుకోమను. తర్వాత నామీద ఎగిరితే ఊరుకోను."

ఆ బావి మామగారు దగ్గరుండి తవ్వించుకున్నది. దాంట్లో మందు పోస్తారంటే ఇల్లు పీకి పందిరి వేస్తాడు. అందుకని కోడలు మాటను మెత్తబరిచింది.

"మామయ్యా, మేడమీద ట్యాంకు కడుగుతున్నారు. చేపలకి కాసిని నీళ్ళు పట్టి పెట్టుకోండి."

బావి సంగతి టీ ఇచ్చి నెమ్మదిగా చెబుదామనుకుంది. అంతలో ఆడపడుచు ఫోను. బిడ్డ ఎలా తుమ్మిందో, తుమ్మి ఎలా నవ్విందో విని, ఆ గుడ్డలూ ఈ గుడ్డలూ ఉతకడానికి తీసేసరికి టీ చల్లారింది, మాట మరుగున పడింది.

పట్టమన్నారు కదా అని పెద్దాయన కుళాయి తిప్పాడు. పనిలో పనిగా ఒక చెంబెడు తొట్టిలోనూ పోశాడు. ఆ నీళ్ళు అప్పుడే కడుగుతున్న ట్యాంకువి. చేపలన్నీ పైకొచ్చి నోళ్ళు తెరిచాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే ఘాటు. ట్యాంకు చెడితే ఇంట్లో మంచినీళ్ళు ఇంకెక్కడుంటాయి? చేపల్ని బకెట్లోకి తీసి, తాడు కట్టి, నెమ్మదిగా బావిలోకి దించి, పక్కకి వంచి వదిలేశాడు. తర్వాత నిశ్చింతగా కుర్చీలో వాలి నిద్రపోయాడు.

మధ్యాహ్నం కోడలు ముందుగదిలోకి వచ్చేసరికి తొట్టి ఖాళీ.

"మామయ్యా! చేపలేవి?"

"కంగారుపడకమ్మా. భద్రంగా బావిలో వదిలాను."

పెరట్లో మేస్త్రి బ్లీచింగు బకెట్టు గట్టుమీద పెట్టి వంచబోతున్నాడు. కోడలు పెట్టిన కేకకి బకెట్టు జారి అతని నీలం ప్యాంటు మీద పడింది. చూస్తుండగానే ఆ ప్యాంటు ఆకాశంలో మబ్బుల్లాగా మచ్చలు తేలింది.

"చేపలేంటమ్మా? నిన్న నేను చూసినప్పుడు కప్ప కూడా లేదే!"

కొడుకు మేడ దిగి వచ్చాడు. సంగతి తెలుసుకుని భార్య వైపు తిరిగాడు. తండ్రి అతని వెనకే ఉన్నాడు.

"ఆయన్ని అడుగు, చేపలు వదలడానికి అదేమన్నా చెరువా అని."

"వాణ్ణి అడగమ్మా, మందు పొయ్యడానికి అదేమన్నా బాత్రూమా అని."

ఇద్దరికీ ఇద్దరి మాటలూ వినబడుతున్నాయి. ఏరెయ్యడానికి వీల్లేక కోడలు నెత్తిన చెయ్యి పెట్టుకుంది.

పెద్దాయన బకెట్టులో మేత చల్లి బావిలోకి దించి, తాడుతో టకటకలాడించాడు. రోజూ తొట్టి అద్దం మీద కొట్టినట్టే. ఎర్రచేపలు వరసగా వచ్చి బకెట్టెక్కాయి. పక్కింటి నుంచి తెచ్చిన నీళ్ళలో వాటిని వదిలారు. నల్లది రాలేదు.

"పిలవగానే వస్తే మేనేజరెలా అవుతాడు సార్!" అన్నాడు మేస్త్రి. కొడుకు అతని వైపు ఒక్క చూపు చూశాడు.

ఇక నీళ్ళు తోడెయ్యడమే దారి. చేప గొట్టంలోకి పోకుండా మోటారు గొట్టం చివర దోమతెర చుట్టి, స్విచ్చి వేశారు. నీళ్ళు పెరడు దాటి వీధిలోకి పారాయి. పెద్దాయన గట్టుమీద బోర్లా వాలి, "రారా తండ్రీ, పైకి రారా, నా బంగారు కొండా" అని ఏడుపు గొంతుతో పిలుస్తున్నాడు.

ఎదురింటి టైలరు మిషను ఆపి కిటికీలోంచి చూశాడు. బావి, తాడు, బోర్లాపడి ఏడుస్తున్న ముసలాయన, నెత్తిన చెయ్యి పెట్టుకున్న కోడలు. బుర్రున్నవాడెవడైనా ఏమనుకుంటాడో అతనూ అదే అనుకున్నాడు. ఫైరింజనుకి ఫోను చేశాడు.

గంట మోగించుకుంటూ బండి వచ్చేసింది. ఆఫీసరు దూకి పెరట్లోకి పరుగెత్తాడు.

"మనిషేడి? పడి ఎంతసేపయింది?"

"మనిషి కాదు సార్, మేనేజరు," అన్నాడు మేస్త్రి.

"ఏ ఆఫీసు మేనేజరు?"

అసలు సంగతి విన్నాక ఆఫీసరు టోపీ తీసి మొహం తుడుచుకున్నాడు. తిడదామనుకున్నాడు గానీ, గట్టుమీద పెద్దాయన మొహం చూసి ఆగిపోయాడు. "సరే, వచ్చిందెలాగూ వచ్చాం" అని బావిలోకి నిచ్చెన దింపించాడు.

ఎండ వాలిపోతోంది. ఇంక ఆలస్యమైతే బ్లీచింగు పని చేయడానికి రాత్రి చాలదు. పసిబిడ్డ వచ్చేసరికి నీళ్ళు సిద్ధం కావు. పెద్దాయన లేచి నిలబడ్డాడు.

"అమ్మా, వాడికి చెప్పు. పోనిమ్మను. మందు వేసెయ్యమను. పసిదానికన్నా చేప ఎక్కువేం కాదు."

ఆ మాటలో ఏరెయ్యడానికి ముల్లు ఒక్కటీ లేదు. కొడుకు మోటారు ఆపించి, ప్యాంటు మడిచి, చెంబు పట్టుకుని నిచ్చెన మీద కాలు పెట్టాడు.

"ఒక్క నిమిషం ఆగు నాన్నా. నేను దిగుతున్నా."

పెరట్లో అందరూ బిగుసుకుపోయారు. పెద్దాయన కోడలి వైపు వంగాడు. "ఏమన్నాడు?"

"నాన్నా అన్నారు మామయ్యా."

"అది విన్నానమ్మా. ఆ తర్వాత?"

లోపలి నుంచి కేక వచ్చింది. "నాన్నా! ఇక్కడేదో నురగ!"

"ఎక్కడ్రా?"

"కింది ఒర అతుకు దగ్గర. గోరువెచ్చగా కారుతోంది. సబ్బు వాసన!"

అందరూ చెవులు రిక్కించారు. స్నానాల గది పక్కన వాషింగ్ మిషను, రాబోయే బిడ్డ గుడ్డలు ఉతికి, బుడబుడమంటూ నీళ్ళు వదులుతోంది. ఆ నీళ్ళు పోవడానికి నేలలో గొట్టం పాతించింది కొడుకే. అది లోపలెక్కడో విరిగి, ఉతికిన మురికంతా బావిలోకి పంపిస్తోంది.

"ఆ గొట్టం బావి పక్కనుంచి వెయ్యొద్దని అప్పుడే చెప్పాను కదరా!"

"ఎవరికి చెప్పావు?"

"కోడలికి."

పైనున్నవాళ్ళందరూ కోడలి వైపు తిరిగారు. ఆమె కొంగు వేలికి చుట్టుకుంది.

"మీరు చెప్పినదాంట్లో తిట్లు తీసేశాను మామయ్యా. తీసేశాక ఇంకేమీ మిగల్లేదు."

మొదట నవ్వింది ఆఫీసరు. తర్వాత బావి లోపలి నుంచి నవ్వు వినిపించింది. కొడుకు చెంబుతో పైకి వచ్చాడు. చెంబులో మేనేజరు, కళ్ళు పెద్దవి చేసుకుని. దోమతెర మడతలో హాయిగా కూర్చుని ఉన్నాడట.

"పగులు పైనే ఉందనుకున్నాను సార్," అన్నాడు మేస్త్రి, మచ్చల ప్యాంటు దులుపుకుంటూ. "మందు వేసి ఊరుకునుంటే నాలుగు రోజులు బాగుండి మళ్ళీ మొదలయ్యేది. అప్పటికి పసిబిడ్డ ఇంట్లో ఉండేది."

ఆ మాటకి ఎవరూ నవ్వలేదు. పెద్దాయన చెంబు అందుకుని మేనేజరుని మిగతా చేపల్లో వదిలాడు. క్షమాపణ చెప్పుకుందామని భయంభయంగా వచ్చిన టైలరుకి తన కుర్చీ ఇచ్చి కూర్చోబెట్టాడు. "నువ్వు ఫోను చెయ్యకపోతే నిచ్చెనెక్కడిది బాబూ" అన్నాడు. ఆఫీసరుకి దణ్ణం పెట్టాడు. "నీళ్ళలో పడిన చేపని కాపాడామని చెబితే మా పైవాళ్ళు ఏమంటారో" అంటూ ఆయన టీ తాగి వెళ్ళాడు.

మేస్త్రి ఆ గొట్టం పీకేసి, వేరే దారిన కొత్తది వేసి, అతుకు పూడ్చి, అప్పుడు బ్లీచింగు కలిపాడు. తొట్టికి కావలసిన నీళ్ళు పక్కింటి నుంచి తెచ్చి, అందరూ చూస్తుండగా ముందే పక్కన పెట్టారు. అన్నీ అయ్యేదాకా తల్లీ బిడ్డా పక్కింట్లో ఉన్నారు. ఒంటరి మనిషి తప్ప అలికిడి లేని ఆ పక్కింట్లో పసిదాని ఏడుపు వినబడింది. ఆ ఇంటి మనిషి ఇప్పటికీ మేనేజరుకి మనసులో దణ్ణం పెట్టుకుంటుంది.

తండ్రీ కొడుకూ ఇప్పుడు నేరుగానే మాట్లాడుకుంటున్నారు. మధ్యలో ముళ్ళు ఏరేవాళ్ళు లేకపోవడంతో రోజూ పోట్లాటే. కోడలు మాత్రం కాలుమీద కాలేసుకుని టీ వేడిగా తాగుతోంది.

ఇట్లు,
పక్కింటి పిన్నిగారు. వయసు అరవై ఎనిమిది. ప్రస్తుతం ఉండేది గోడకు ఇవతలి వైపు, పోట్లాట స్పష్టంగా వినిపించే గదిలో.