కటీఫ్ ఎవరు చెప్పారు?

ఆదివారం పొద్దున స్వరూపరాణి పెట్టుకున్న పని ఒక్కటే. తను రాసిన పిల్లల నవలను నారాయణఖేడ్‌లో, తను పాఠాలు చెప్పే బడి ముందు, నలుగురి మధ్య ఆవిష్కరించుకోవడం. శామియానా, కుర్చీలు, మైకు టెంట్‌హౌస్ చన్నమ్మ ఊరికే పంపింది.

అంతా సజావుగానే జరిగేది, ఆమె భర్త సంగమేశ్‌కు అంత గర్వం లేకపోతే. నవల అట్ట దాటి అతను లోపలికి పోలేదు. భార్య చెప్పగా విన్న కథనే బస్‌ డిపో దగ్గరి హోటల్లో కనబడిన ప్రతివాడికీ చెప్పాడు.

"ఇద్దరు జిగ్రీ దోస్తులు. ఏడో తరగతికి రాంగనే ఒక పిల్ల కొత్త దోస్తులను పట్టుకొని పాత దోస్తుకు కటీఫ్ చెప్తది. ఆ ఏడ్సే పిల్ల మా బిడ్డ గీతనే!"

"మరి కటీఫ్ చెప్పిన పిల్ల?" అన్నాడు హోటల్ ఈరయ్య.

"ఇంకెవరు? చన్నమ్మ బిడ్డ శైలశ్రీ."

ఇద్దరు పిల్లలకూ మాటల్లేవని అతనికి తెలుసు. ఎందుకు లేవో తెలియదు. తెలియకపోవడం అతని నోటికి ఎన్నడూ అడ్డం రాలేదు.

టీ చల్లారేలోపే ఆ మాట చన్నమ్మ చెవిన పడింది. కూతుర్ని వెంటబెట్టుకొచ్చి, ఆటో దిగుతూనే పనివాళ్ళ మీద కేకేసింది. "గుంజలు పీకుండ్రి!"

"ఏమైందక్కా?" అంది స్వరూపరాణి.

"నా బిడ్డను బుక్కుల ఎక్కించి బద్నాం చేస్తవు, మళ్ల నా శామియానా కిందనే కూసుంటవా?"

మైకు ఆన్‌లో ఉంది. తగాదా బజారుదాకా వినబడింది. సభ మొదలైందనుకుని జనం కూరగాయల సంచులతో వచ్చేశారు. ఇటు కుర్చీలు తగ్గుతున్నాయి, అటు జనం పెరుగుతున్నారు. ఇంతలో శామియానా ఒరిగి ముఖ్య అతిథి నెత్తిన పడింది. స్వరూపరాణికి ఏడుపొచ్చింది. నిజం చెబితే సభ నిలుస్తుంది, కానీ కన్నకూతురు పదిమందిలో పలచనవుతుంది. అందుకే అతిథి మీంచి గుడ్డ తీసే పనిలో పడింది.

అప్పుడు గీత వచ్చి మైకు అందుకుంది.

"కటీఫ్ చెప్పిన పిల్ల నేనే. కొత్త దోస్తులు నవ్వుతరని శైలు పక్కనుంచి లేసి వాళ్ల దగ్గర కూసున్న. మా అమ్మకు ఎరుకే."

నవల అచ్చయి ఇంటికొచ్చిన రోజు కూడా స్వరూపరాణికి అంత గర్వం కలగలేదు. కళ్ళు తుడుచుకోవడం కూడా మరిచిపోయింది.

"అయ్యో శివనే! అంటే హీరోయిన్ నా బిడ్డనా?" అంది చన్నమ్మ. వెంటనే పనివాళ్ళ వైపు తిరిగింది. "చూస్తరేంది, గుంజలు పాతుండ్రి!" చుట్టాలకు పంచడానికి ఓ కట్ట పుస్తకాలు చంకన పెట్టుకుంది.

గీత వెళ్ళి శైలశ్రీ కుర్చీ పక్కన నిలబడింది. శైలశ్రీ మొహం తిప్పుకునే ఉంది. కాసేపటికి, అటే చూస్తూ, కొంచెం పక్కకు జరిగింది. ఇద్దరూ ఒకే కుర్చీలో ఇరుక్కున్నారు.

సంగమేశ్ మాత్రం తగ్గలేదు. "మా గీత కటీఫ్ చెప్పబట్టే గద, మీ పిల్ల హీరోయినైంది" అని చన్నమ్మతో అని, ఆమె కృతజ్ఞతల కోసం ఎదురుచూశాడు.