కోరలు తీసిన కాపలాదారులు

కోరలు పీకేసిన రాక్షసుడి వల్ల మనిషికి కలిగే మేలు ఇంతా అంతా కాదు! ఊరికే అనడం లేదు. మా దీవిలోని సుకవతి బజారులో ఇరవై రెండేళ్లుగా ముఖమల్ బొమ్మలు అమ్ముతున్నవాడిగా, లాభం ఇటు నష్టం అటు పెట్టి తూచి మరీ చెబుతున్నాను.

మా ద్వారపాలకులు గడపకి అటొకడు ఇటొకడు నిలబడతారు. పొడుచుకొచ్చిన గుడ్లు, వేలాడే నాలుక, చెంపల దాకా కోరలు. చెడ్డది ఏదొచ్చినా అడ్డుకోవడం వాళ్ల ఉద్యోగం. నల్ల ముఖమల్ మీద రంగుల్లో వేస్తే ఆ చీకట్లోంచి మన మీదికి దూకుతున్నట్టే ఉంటారు.

అదే కదా చిక్కు! సెలవు మీద వచ్చిన మనిషి మీదికి ఎవరైనా అలా దూకొచ్చా?

ఈ తప్పు దిద్దిన పుణ్యం ఒక విల్లా డిజైనర్ అమ్మగారిది. మూడేళ్ల కిందట జకార్తా నుంచి వచ్చి నా కొట్లో నిలబడింది. పాక్ అని, అంటే అయ్యా అని, మర్యాదగానే పిలిచింది.

"పన్నెండు కావాలి పాక్ నెంగా, పడకగదికొకటి. ఈ పళ్లు మాత్రం వద్దు, గెస్టులు జడుసుకుంటారు. నోరు మూయించండి. కళ్లు కూడా మూసేస్తే మరీ మంచిది, ధ్యానంలో ఉన్నట్టుంటాడు. రంగు ఈ సోఫాకి నప్పాలి," అని ఒక గుడ్డముక్క చేతిలో పెట్టింది. గోధుమపిండి రంగు.

కళ్లు మూసుకుని కాపలా ఎలా కాస్తాడమ్మా అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. అలాంటి ప్రశ్న వేసిన వ్యాపారి ఎవడైనా బాగుపడ్డాడా?

ఇక లాభాలు చూడండి. ఒక్కో కోరకి మా చిత్రకారుడికి ఒక పూట పట్టేది. ముఖమల్ మీద గీత తప్పితే చెరపలేం, బొమ్మంతా పోయినట్టే. నోరు మూస్తే ఆ భయమే లేదు! ఎర్రరంగు సగానికి సగం మిగులు.

అసలు లాభం కళ్లది. మావాళ్లు కళ్లు చివర వేస్తారు, అదీ పంచాంగంలో మంచిరోజు చూసి. కళ్లు పడ్డాక బొమ్మ మనల్ని చూడటం మొదలుపెడుతుంది మరి. ఆ మంచిరోజు వచ్చేలోపు ఎంతమంది కొనేవాళ్లు విమానం ఎక్కి వెళ్లిపోయారో! మూసిన కళ్లకి ముహూర్తం దేనికి? మంగళవారం మధ్యాహ్నం అన్నం తినొచ్చి వేసేయొచ్చు.

దుష్టశక్తులకీ లాభమే! ఈమధ్య అవి విల్లాలోకి వెళ్లి కాసేపు ఏసీలో కూర్చుని వస్తున్నాయని వినికిడి.

ఇంత మేలుని ఒప్పుకోనివాడు ఒక్కడే, మా చిత్రకారుడు గంద్ర. అరవై ఏడేళ్లు. చెయ్యి వణుకుతోంది. రంగులు కూతురు మెర్తి వేస్తుంది, ఆయన పక్కన కూర్చుని చెబుతాడు. తన చెయ్యి పూర్తిగా పడిపోయేలోగా కోరలు వేయడం పిల్లకి పట్టుబడాలని ఆయన బెంగ.

"ఒరే నెంగా, ఈసారి కూడా పన్నెండూ నోరు మూసినవేనా? ఒక్కడి చేతన్నా తెరిపించరా."

"వచ్చే ఏడాది చూద్దాం బ్లి," అన్నాను. పెద్దవాణ్ణి అన్నా అని పిలవడం మర్యాద కదా, అందులో పోయేదేమీ లేదు.

"పోయినేడూ ఇదే కూశావ్."

"కోర నేర్చుకుని ఎవరికమ్ముతుంది? నవ్వు నేర్చుకుంటే జీవితాంతం తిండి."

"నవ్వు తిండికి చాలురా. గడపకి చాలదు."

లోపల్నుంచి ఆయన పెళ్లాం అరిచింది. "మీ ఇద్దరి నోళ్లు మూయించడానికి ఎవరన్నా ఆర్డరిస్తే బాగుణ్ణు!"

ఇంతలో మా గుడి పండుగ దగ్గరపడింది. గుడి ద్వారానికి కట్టే ముఖమల్ జంటని చెదలు తినేశాయి. కొత్తవి గంద్ర ఇంటినుంచే రావాలని పేట సంఘం తీర్మానించింది. గంద్రేమో జ్వరంతో మంచం పట్టాడు. మెర్తి ఒక్కతే కూర్చుని వేసింది.

పండుగ ఇంకా ఆరు రోజులుందనగా గుడి వాకిట్లో జంటని విప్పారు. గోధుమపిండి రంగు రాక్షసులిద్దరు కళ్లు మూసుకుని, చల్లగా నవ్వుతున్నారు.

"వీళ్లు కాపలాకొచ్చారా, మసాజుకొచ్చారా?" అంది కొబ్బరాకులు అల్లుతున్న మెన్ రాయ్.

"మెల్లగా మాట్లాడవే, లేస్తారు," అంది పక్కావిడ.

పూజారి జెరో మంగ్కు దగ్గరికొచ్చి వంగి చూశాడు. "అమ్మా మెర్తీ, వీళ్లు ఎవర్ని ఆపుతారు?"

పిల్ల తల దించలేదు. "ముప్పై బొమ్మలేశాను జెరో మంగ్కు. ముప్పయ్యీ ఇలాంటివే. నోరు తెరిచింది ఒక్కటీ వెయ్యనివ్వలేదు పాక్ నెంగా."

తలలన్నీ నావైపు తిరిగాయి. నేను తగ్గానా? "ఇది శాంతి కాలం! నవ్వు చూస్తే దుష్టశక్తయినా సిగ్గుపడి వెనక్కి పోతుంది!" అన్నాను.

"అయితే నీ కొట్టు తాళం పారేసి, గుమ్మంలో నవ్వుతూ నిలబడు," అంది మెన్ రాయ్.

మళ్లీ వేయక తప్పలేదు. మెర్తి తమ ఇంటి వాకిట్లో రాతి విగ్రహాన్ని చూసి గీయబోతే గంద్ర మంచం మీంచే అడ్డుపడ్డాడు. "రాయిని చూస్తే రాయే వస్తుంది. బతికున్న కోపం చూడాలి," అని గుడ్లురిమి, నోరు తెరిచి గర్జించాడు. ఉన్నవి రెండే పళ్లు. పిల్ల పడీపడీ నవ్వింది.

నాకు విసుగొచ్చింది. "సరే, నిదానంగా నేర్చుకోండి. ముందు విల్లావి ఆరు మిగిలాయి, అవి కానియ్."

"వెయ్యను," అంది మెర్తి.

"ఏంటీ?"

"నోరు మూసినవి ఇక వెయ్యను పాక్. ఎంతిచ్చినా సరే."

అప్పుడు నా మొహం ఏమైందో నాకు తెలీదు. గంద్ర మాత్రం మంచం మీంచి లేచి కూర్చున్నాడు.

"అదీ! అదేనమ్మా! సుద్దముక్క తియ్! నెంగా, కదలకురా!"

మంచిరోజు చూసి కళ్లు పెట్టారు. పండుగనాడు ద్వారానికి అటొకడు ఇటొకడు. వచ్చినవాళ్లు రాక్షసుణ్ణి చూస్తారు, నన్ను చూస్తారు, చేతులు జోడించి లోపలికి పోతారు. నైవేద్యం తలకెత్తుకొచ్చిన నా భార్య కూడా ఆగి చూసింది. "బాగా కుదిరాడు. కూరలో ఉప్పెక్కువైన రోజు అచ్చం ఇంతే," అని వెళ్లిపోయింది.

పాఠకులారా, కోరలు పీకడంలో లాభం ఉందంటే ఇప్పటికీ ఉందనే అంటాను. నష్టమల్లా ఒక్కటే. పీకిన కోరలు ఎక్కడికీ పోవు, పీకినవాడి నోట్లో మొలుస్తాయి.

విల్లా అమ్మగారు రోజూ ఫోన్ చేస్తోంది. ఆ ఆరింటి కోసం వారానికోసారి గంద్ర ఇంటికి వెళ్లి గట్టిగా అడుగుతున్నాను. నేను గొంతు పెంచగానే మెర్తి కొత్త ముఖమల్ పరుస్తుంది. "ఇంకొంచెం కోపంగా, పాక్. కింది పళ్లు కనబడటం లేదు."