గోళ్లకు సంచులు కట్టుకున్న తనిఖీ

నా కోరపళ్ల మీద ఒట్టు కోడలుపిల్లా, ఇందులో గోరంత అబద్ధం లేదు. ఎక్కడైనా కొండంత కనిపిస్తే అది నిజంగా కొండే అనుకో.

ఒక పెద్ద అడవిలో, ఎంత పెద్దదంటే ఈ చివర బయల్దేరిన కాకి ఆ చివరికి చేరేసరికి దాని మనవలకు పెళ్లిళ్లు అయిపోయేవి, నేల అమ్మకాలు మహా జోరుగా సాగేవి. కొనేవాళ్లకు భల్లూకేశ్వరరావుగారనే ఎలుగుబంటి తేనె అప్పిచ్చేవారు. ఒకటే షరతు: ఆ నేలలో విషం, కుళ్లు లేవని తనిఖీదారు రిపోర్టు రాయాలి. ఆ తనిఖీదారును నేనే. నేల సంగతి పందికొక్కు కంటే ఎవరికి తెలుస్తుందని నన్ను వేశారు.

వేసి, తవ్వకూడదన్నారు.

కారణం లేకపోలేదు. నాకు ముందు ఆ కొలువు చేసిన మా పెద్దమ్మ ఓ దిబ్బను తనిఖీ చేస్తానని దిగి, పదకొండో రోజు పైకొచ్చేసరికి అమ్మడానికి దిబ్బ మిగల్లేదు. అప్పుడు రూలు పెట్టారు. మొదటి తనిఖీలో చూడాలి, వాసన పట్టాలి, పొరుగువాళ్లను అడగాలి, అంతే. తవ్వడానికి వేరే ఆర్డరు కావాలి. మా జాతి మీద నమ్మకం చాలక గోళ్లకు గుడ్డసంచులు కూడా కట్టారు. ఈతగాణ్ణి గట్టు మీద కూర్చోబెట్టి మడుగు లోతు రాయమన్నట్టు. నాకేం, హాయిగా రాసేదాన్ని. నలభై పేజీల రిపోర్టులో ముప్పై తొమ్మిది పేజీలు, ఏం జరిగినా నా పూచీ లేదనే ఉండేది.

ఆ ఏడు వానలకు ముందు నూకాలనే కుందేలు వచ్చింది. ఈనడానికి రోజులు దగ్గరపడ్డాయి. కిందటి వానకు బొరియలోకి నీళ్లు దూరి మొదటి కాన్పు పిల్లలు నలుగురూ పోయారు. ఈసారి మెరకన ఇల్లు కావాలని తిరుగుతుంటే, పరంధామయ్య అనే నక్క తన దిబ్బ చూపించాడు.

నేనూ వెళ్లి చూశాను. దిబ్బ పచ్చగా ఉంది. మరీ పచ్చగా ఉంది. ఓ మూల కాలు తగిలితే గరిక చాపలా చుట్టుకుపోయింది. ఎక్కడినుంచో పెకలించి తెచ్చి పరిచారన్నమాట. ఇంకా కదిపితే తవ్వడం కిందికి వస్తుందేమోనని మళ్లీ జాగ్రత్తగా పరిచేశాను. దిబ్బ మీద ఒక్క చీమ లేదు. ‘ప్రశాంత వాతావరణం’ అని రాశాను. ఘాటు వాసన ఒకటి ముక్కులో దూరి తోకలోంచి బయటికొచ్చింది. అంతలో పరంధామయ్య పనసతొనలు తెచ్చిపెట్టాడు. ఆ వాసన పనసదేనని రాసేశాను.

పొరుగున తాబేలు తాతను, ఇక్కడ ఇంతకుముందు ఏముండేదని అడిగాను. తాత గొంతు సవరించుకోవడానికే ఓ పూట పట్టింది. “పూర్వం... ఇక్కడికి... పట్నం నుంచి...” అన్నాడు. తరవాతి మాట వచ్చేలోగా నాకు భోజనం వేళయింది. ‘పొరుగువారు పట్నంతో రాకపోకలున్న మర్యాదస్తులు’ అని రాసుకుని లేచాను.

నూకాలు వెంటబడింది. “అత్తా, నా పిల్లలు ఈ మట్టిలో పడుకోవాలి. మీరైతే ఇక్కడ ఉంటారా?”

“నేనైతే రేపే దిగిపోతానే పిచ్చిదానా,” అన్నాను, పనసతొన నములుతూ.

మూడో రోజు భల్లూకేశ్వరరావుగారి ఆఫీసులో అందరం చేరాం. సగం తేనె అప్పటికే పరంధామయ్య ఇంటికి చేరిపోయింది. నూకాలు వేలిముద్ర వేయబోతుంటే గుమ్మంలోకి తాబేలు తాత వచ్చాడు. నేను లేచొచ్చిన పూట బయల్దేరాడట, మాట పూర్తి చేద్దామని.

“...మనుషులు వచ్చి... విషపు రంగుల డ్రమ్ములు పాతిపెట్టారు,” అన్నాడు.

అంటే నా తేనె పోయినట్టేనా అన్నారు భల్లూకేశ్వరరావుగారు. ఆయనకు పిల్లల సంగతి తట్టలేదు. రిపోర్టు రాసిన నాకే తట్టలేదు, ఇక ఆయన్నేం అంటాం. పరంధామయ్య మాత్రం తొణకలేదు. తాతకు వయసు మళ్లింది, రిపోర్టుకు మళ్లలేదు, ఏది నమ్ముతారో మీ ఇష్టం అన్నాడు. నేనూ తలూపాను, సిగ్గులేకుండా, చెవులు టపటపలాడేలా.

నూకాలు నెమ్మదిగా వేలు వెనక్కి తీసుకుంది. “అత్తా, రేపే దిగుతానన్నారు కదా. ముందు మీరు దిగండి. వారం తరవాత మీరు బాగుంటే నేను కొంటాను.”

నలభై పేజీలూ తిరగేశాను, తప్పించుకునే దారి దొరకలేదు. నా గోళ్లకున్న సంచులు విప్పారు.

కొలువులో చేరిన ఏడేళ్లకు మొదటిసారి తవ్వాను, తల్లీ. జానెడు లోతుకే మట్టి సిరాలా నీలంగా వచ్చింది. మూరెడు లోతున తుప్పుపట్టిన డ్రమ్ము తగిలింది. నేను తుమ్మిన తుమ్ముకు పక్క కొండ మీద మామిడికాయలు రాలి ఏడూళ్ల కోతులు పచ్చడి పెట్టుకున్నాయి. రెండో రోజుకే వీపు మీద వెంట్రుక మిగల్లేదు.

నూకాలు నన్ను ఓసారి ఎగాదిగా చూసి, పై వాగు దగ్గర రాళ్ల సందులోకి వెళ్లిపోయింది. అప్పూ లేదు, రిపోర్టూ లేదు. తాతను మాత్రం ఆ చోటు సంగతి రెండు పూటలు కూర్చుని అడిగిందట. ఆరుగుర్ని కన్నది, అందరూ దుక్కల్లా ఉన్నారు.

రిపోర్టు తప్పని ఒప్పుకుంటే ఆఫీసు పరువు పోతుందని భల్లూకేశ్వరరావుగారు ఆ దిబ్బను నా సేవలకు బహుమానమని నా పేరనే రాసేశారు. కాదనడానికి నా నోరేది, అది బంగారు నేలని నలభై పేజీలు రాసింది నేనే. పరంధామయ్య ఇప్పుడు కొత్త తనిఖీదారులకు పాఠాలు చెబుతున్నాడు.

నీతి: ఏ నేలకైనా మంచిదని సంతకం పెట్టొచ్చు, అక్కడ కాపురం పెట్టాల్సిన ఖర్మ మనది కానంతవరకు.

సరేలే, ఆ బిందె పట్టుకుని పై వాగుకెళ్లి నీళ్లు తీసుకురా. మన గుమ్మం ముందు మడుగు ఎంత తేటగా కనిపించినా దాని జోలికి పోకు.